ల్యాబ్ కబుర్లు కాగితం మీదికి ఎక్కించడం ఎట్లా

తిరుపతి చుట్టుపక్కల సైన్సు ల్యాబ్‌లకు కొదవ లేదు. 1954లో మొదలైన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, ఏర్పేడు వైపు పోతే 2015లో పుట్టిన ఐఐటీ, సైన్సు చదువులూ పరిశోధనా సాగే ఐసర్ ఉన్నాయి, చెనిక్కాయ మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం తిరుపతిలోనే ఉంది. చిత్తూరు రోడ్డులో చంద్రగిరి దాటాక గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, కానీ గాదంకి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది టోల్‌ప్లాజా. ఇన్ని ల్యాబ్‌లు ఉన్నా లోపల ఏం జరుగుతోందో ఊరివాళ్ళకు తెలియదు. ఊరివాళ్ళ సంగతి సరే, పక్క బిల్డింగ్‌లో పనిచేసేవాళ్ళకే తెలియదు.

ఆ కబుర్లను అందరికీ చేర్చడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. నెలకొక కాగితం, తెలుగులో, రెండు వైపులా. క్యాంటీన్ గోడ మీద ఒకటి, వాట్సాప్ గ్రూపులో ఒకటి. మా ల్యాబ్‌లో అట్లాంటిది నడుపుతున్నాం, ఏ ల్యాబ్ అన్నది ఇక్కడ అనవసరం. మీ దగ్గర కూడా మొదలుపెట్టాలనుకుంటే ఏం చేయాలో, ఎక్కడ తలనొప్పులు వస్తాయో చెబుతాను. ఇది పీహెచ్‌డీ చేసేవాళ్ళకు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లకు, ఆఫీసులో పనిచేస్తూ రాయాలనే సరదా ఉన్నవాళ్ళకు. పెద్ద సైంటిస్టులు కూడా చదవొచ్చు, కానీ వాళ్ళు రాయడం మొదలుపెడితే మూడో వాక్యానికే ఈక్వేషన్ వచ్చేస్తుంది.

ఎవరి కోసం రాస్తున్నారు

ముందు ఇది తేల్చుకోవాలి. డైరెక్టర్ గారి కోసం అనుకుంటే అది వార్షిక నివేదిక అవుతుంది, దానికి వేరే మనుషులున్నారు. నా లెక్కలో మొదటి పాఠకుడు గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ అన్న. బయటినుంచి వచ్చే ప్రతి మనిషీ మొదట అడిగేది ఆయన్నే. స్కూలు పిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారు, కొరియర్ అబ్బాయి, గడ్డి కోసం కంచె వెంబడి నడిచే ముసలాయన, అందరూ ‘లోపల ఏం చేస్తారబ్బా?’ అంటారు. ఆయన ఏం చెబితే అదే ఊళ్ళో మీ ల్యాబ్ గురించి చెప్పుకునే మాట. ‘ఏందో సార్, పెద్ద పెద్ద మిషన్లు’ అన్నాడంటే తప్పు ఆయనది కాదు, ఆయనకు ఇన్నేళ్ళలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

అందుకే నేను ప్రతి ఐటమ్ రాశాక గేటు దగ్గరికి పోయి చదివి వినిపిస్తాను. ‘అంటే ఏంది సార్?’ అని ఎక్కడ ఆపితే అక్కడ మళ్ళీ రాయాలి. ఆపకుండా తల ఊపుతూ ఉంటే కూడా నమ్మొద్దు, మర్యాదకు ఊపుతుంటారు. ‘ఇప్పుడు ఇది మీ ఇంట్లో చెప్పాలంటే ఎట్లా చెబుతావన్నా?’ అని అడగండి. ఆయన చెప్పిన వాక్యం చాలాసార్లు మీరు రాసినదానికంటే బాగుంటుంది, మొహమాటం లేకుండా దాన్నే పెట్టేయండి.

కబురు ఎక్కడ దొరుకుతుంది

‘వార్తలు పంపండి’ అని నోటీసు పెట్టి కూర్చుంటే ఒక్కరూ పంపరు. పంపినవాళ్ళు కూడా పరిశోధన పేపర్ టైటిల్, జర్నల్ పేరు, ఆ జర్నల్ స్థాయి చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పంపుతారు, అది వార్త కాదు, బయోడేటాలో ఒక లైను. టీ టైములో మీరే పోయి కూర్చోవాలి. ‘కొత్తగా ఏం కనిపెట్టారు సార్?’ అని అడిగితే ఎంతటివాళ్ళయినా బిగుసుకుపోతారు, ఏదో ఇంటర్వ్యూ ఇస్తున్నట్టు మాట్లాడతారు. అదే ‘ఈ వారం ఏం పాడైంది?’ అని అడిగి చూడండి. ఉరుములప్పుడు ఏ కార్డు కాలిందో, ఎలుక ఏ కేబుల్ కొరికిందో, కరెంటు పోయి రాత్రంతా తీసిన డేటా ఎట్లా తెగిపోయిందో, దాన్ని టెక్నీషియన్ అన్న ఎట్లా మళ్ళీ నిలబెట్టాడో వరసగా వచ్చేస్తుంది. ఆ కథ చెప్పేటప్పుడే ఆ యంత్రం దేనికి, ఏం కొలుస్తుంది, ఎందుకంత అవసరం అన్నదీ దానంతటదే బయటపడుతుంది.

రోజూ చూసి చూసి మనకు వార్తలా కనిపించని పనులు కూడా ఉంటాయి. వాతావరణ ల్యాబ్‌లో బెలూన్ ఎగరేయడమే తీసుకోండి. తెల్ల బెలూన్‌కు దారం కట్టి కింద చిన్న డబ్బా వేలాడదీస్తారు. డబ్బాలో ఉష్ణోగ్రత, తేమ, గాలి పీడనం కొలిచే సెన్సర్లు ఉంటాయి, జీపీఎస్‌తో గాలి ఎటు ఎంత వేగంగా తోస్తోందో తెలుస్తుంది, ఇదంతా రేడియోలో కిందికి వస్తూ ఉంటుంది. సెకనుకు ఐదు మీటర్ల చొప్పున పైకి పోతుంది. పోయేకొద్దీ బయట గాలి పలచబడి బెలూన్ ఉబ్బుతుంది, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో, అంటే బయట పీడనం నేల మీదున్నదాంట్లో వందో వంతుకు దగ్గరపడే చోట, పగిలిపోతుంది. వదిలినప్పటి నుంచి అక్కడికి పోయేదాకా గంటా నలభై నిమిషాల పైచిలుకు. ఆ తర్వాత డబ్బా గాలి ఎటు తోస్తే అటు పోయి ఎవరి పొలంలోనో పడుతుంది. పొలంలో తెల్ల డబ్బా, దాన్నుంచి తీగ, చినిగిన రబ్బరు కనిపిస్తే బాంబేమోనని పోలీసులకు ఫోన్ చేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళను తప్పుబట్టలేం. ‘ఇట్లాంటి డబ్బా దొరికితే భయపడొద్దు, ఇది వాతావరణం కొలిచే డబ్బా, దీని పని అయిపోయింది’ అని ఫోటోతో ఒక్క ఐటమ్ వేయండి. మా కాగితంలో ఊరివాళ్ళు చింపి దాచుకున్న ఐటమ్ ఏదైనా ఉందంటే ఇదే.

పేపర్‌ను వార్తగా మార్చడం

అన్నింటికంటే కష్టమైన పని ఇదే, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చూపిస్తాను.

మామూలుగా మనవాళ్ళు రాసే హెడ్డింగు ఇట్లా ఉంటుంది: ‘ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహపు ఋతుపరమైన వైవిధ్యంపై ఎంఎస్‌టీ రాడార్ ఆధారిత అధ్యయనం ప్రచురితం’. ఇందులో తప్పేమీ లేదు. గేటు దగ్గర చదివితే మాత్రం ‘ప్రచురితం’ అన్న ముక్క ఒక్కటే అర్థమవుతుంది.

ఇప్పుడు దీన్ని చదివేవాడికి ముందే తెలిసినదాంతో మొదలుపెట్టండి. ఆషాఢంలో మన దగ్గర పడమటి గాలి కొడుతుందని ఎవరికి తెలియదు? గొడుగు తిరగబడేది అప్పుడే, ఆరేసిన బట్టలు పక్కింటి మిద్దె మీద దొరికేది అప్పుడే. అదే రోజు, అదే ఊరి మీద, 16 కిలోమీటర్ల ఎత్తుకు పోతే గాలి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి, తూర్పు నుంచి కొడుతూ ఉంటుంది. వేగం సెకనుకు 40 మీటర్ల దాకా, అంటే గంటకు 140 కిలోమీటర్ల పైమాటే. ప్యాసింజర్ విమానాలు పోయే ఎత్తుకంటే కూడా అది పైన. ఎండాకాలానికి ఆసియా ఖండం, ముఖ్యంగా టిబెట్ పీఠభూమి బాగా వేడెక్కడం వల్ల ఆ పైన పెద్ద గాలి సుడి ఏర్పడుతుంది, దాని దక్షిణపు అంచు మన నెత్తి మీదుగా పోతుంది. ఈ తూర్పు గాలి గురించి 1958లో శాస్త్రీయంగా రాసింది పి. కోటేశ్వరం, తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు.

ఇక్కడికి పాఠకుడు మీ చేతికి చిక్కాడు. అతనికి వెంటనే వచ్చే అనుమానం ఏమిటంటే, అంత ఎత్తులో గాలి ఎటు పోతోందో కింద కూర్చున్నోడికి ఎట్లా తెలుస్తుంది అని. చాలామంది రాసేవాళ్ళు దీన్ని ఎగ్గొట్టి నేరుగా ‘ఫలితాలకు’ దూకుతారు, అక్కడే కథ చెడుతుంది. ఎట్లా కొలిచారన్నది చెప్పకపోతే మనం చెప్పేదానికీ వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్‌కూ తేడా ఏముంది?

కాబట్టి కొలత గురించి రాయండి. గాదంకిలో నాలుగెకరాల పైచిలుకు స్థలంలో, 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 1024 యాంటెన్నాలు వరసలుగా నిలబెట్టి ఉంటాయి, హెడ్డింగులో చెప్పిన ఎంఎస్‌టీ రాడార్ ఇదే. పాత దూరదర్శన్ రోజుల్లో ఇంటి మీద పెట్టుకున్న యాగీ యాంటెన్నా జాతివే ఇవి. అన్నీ కలిసి 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాన్ని చిన్న చిన్న తునకలుగా ఆకాశంలోకి పంపుతాయి. గాలి ఎక్కడ అల్లకల్లోలంగా ఉంటే అక్కడ వేడి, తేమ కొంచెం కొంచెం తేడాగా ఉంటాయి, ఆ తేడాలకు తగిలి తరంగంలో చాలా చాలా చిన్న భాగం వెనక్కి వస్తుంది. 16 కిలోమీటర్లు పోయి రావడానికి పట్టేది సెకనులో పదివేలో వంతు. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎత్తు తెలుస్తుంది. పాకాల జంక్షన్‌లో నిలబడితే దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది కదా, వెనక్కి వచ్చిన తరంగంలోనూ అట్లాంటి మార్పే ఉంటుంది, దాన్నిబట్టి గాలి మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా, ఎంత వేగం అన్నది లెక్కగడతారు. ఒక్క దిక్కుకే చూస్తే సరిపోదు కాబట్టి నిట్టనిలువుగా ఒకసారి, తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి కొంచెం వంచి ఒక్కొక్కసారి చూస్తారు. యాంటెన్నాలు మాత్రం కదలవు, ఏ యాంటెన్నా సిగ్నల్ ఎంత ముందూవెనుకా పోవాలో మార్చితే చాలు, కిరణం తనే వంగుతుంది.

ఇంత రాశాక అసలు పేపర్‌లో కొత్తగా ఏం చెప్పారో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి, చాలు. ఐటమ్‌లో మూడొంతులు తెలిసిన సైన్సూ కొలిచే పద్ధతీ, ఒక వంతు కొత్త వార్త. ఇది తలకిందులుగా ఉందని కొందరు సైంటిస్టులు నాతో గొడవపడ్డారు, ‘మా పని గురించి నాలుగు లైన్లేనా?’ అని. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ పునాది తెలియనివాడికి పైకప్పు గురించి చెప్పి లాభం లేదు.

యంత్రానికి చేతకానిది కూడా రాయండి. ఎంఎస్‌టీ అంటే మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్, పైనుంచి కిందికి వాతావరణంలోని మూడు పొరల పేర్లు. పేరు చూస్తే కింది నుంచి పైదాకా అంతా కనిపిస్తుందని అనుకుంటాం. నిజానికి పాతిక కిలోమీటర్ల ఎత్తు నుంచి దాదాపు 60 కిలోమీటర్ల దాకా వెనక్కి వచ్చే సిగ్నల్ పనికొచ్చేంత ఉండదు. ఆ మధ్య భాగంలో ఉష్ణోగ్రత కావాలంటే లైడార్ చూడాలి, ఆకుపచ్చ లేజర్ కిరణాన్ని రాత్రిపూట ఆకాశంలోకి వదిలి చెదిరి వచ్చే వెలుతురును లెక్కపెట్టే యంత్రం అది. దానికి మబ్బుల్లేని రాత్రి కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, మన దగ్గర మబ్బుల్లేని రాత్రి కోసం కాసుకుని కూర్చునే లైడార్ విద్యార్థి మొహం చూస్తే జాలేస్తుంది. ఇది కూడా వార్తే. పరిశోధన అంటే రోజూ విజయాలే అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

అంకెలు, అనుమానాలు

‘మీ మిషన్ మబ్బుల్ని తరిమేస్తాందంట గదా నాయనా?’ అని అడిగేవాళ్ళు ఎదురవుతారు. వాన ఎగ్గొట్టిన ఏడాది ఈ ప్రశ్న గట్టిగానే వస్తుంది. ‘మూఢనమ్మకం’ అని కొట్టిపారేస్తే ఆ మనిషి మళ్ళీ మీతో మాట్లాడడు, మనసులో అనుమానం మాత్రం అట్లనే ఉంటుంది. లెక్క చెప్పండి. చెనిక్కాయ వేసిన రైతుకు మిల్లీమీటర్ల వాన లెక్క మనకంటే బాగా తెలుసు.

లెక్క ఇది. చదరపు కిలోమీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది పది లక్షల లీటర్లు, అంటే వెయ్యి టన్నుల నీళ్ళు. అన్ని నీళ్ళు ఆవిరి నుంచి చినుకులుగా మారేటప్పుడు మబ్బులో విడుదలయ్యే వేడి కిలోకు సుమారు 25 లక్షల జౌళ్ళు, మొత్తం కలిపితే రెండున్నర లక్షల కోట్ల జౌళ్ళు. గాదంకి రాడార్ మొదట కట్టినప్పుడు దాని గరిష్ఠ శక్తి 25 లక్షల వాట్లు. వినడానికి భయం వేస్తుంది, కానీ అది తరంగాన్ని తునకలుగా పంపుతుంది కాబట్టి ఎక్కువలో ఎక్కువ వందలో రెండున్నర వంతుల సమయమే పంపేది, మిగతా సమయమంతా వినేది. సగటు తీస్తే 62 వేల వాట్ల చిల్లర. ఈ లెక్కన ఒక్క చదరపు కిలోమీటరు మీద ఒక్క మిల్లీమీటరు వానలో ఉన్న శక్తిని ఆ రాడార్ పంపాలంటే రాత్రింబవళ్ళు ఆపకుండా ఏడాదికి పైగా నడవాలి. మన దగ్గర ఒక మోస్తరు మబ్బు ఆ పనిని సాయంత్రం టీ తాగేలోపు చేసి పోతుంది. ఈ లెక్కను నేను కాగితం మీద బాక్స్ కట్టి వేశాను, అంకెలు విడివిడిగా, ఎవరైనా కాలిక్యులేటర్ పెట్టి సరిచూసుకునేటట్టు. పక్క ఊరి ఇంటర్ పిల్లలు నిజంగానే సరిచూశారు.

అంకె పెట్టేటప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఒక పిడి కూడా ఇవ్వండి. చదరపు మీటర్లు అంటే ఎకరాల్లో, సెకనుకు మీటర్లు అంటే గంటకు కిలోమీటర్లలో. దశాంశాలు మీ థీసిస్‌లో పెట్టుకోండి.

వానల కాలంలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి

2021 నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు కంటి మీద కునుకు లేకుండా గడిపాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే మన జిల్లాను తడిపి ముద్ద చేసింది. అట్లాంటి రోజుల్లో ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉంటాయి, ‘రేపు ఉంటుందా, తగ్గుతుందా? పెళ్ళి పెట్టుకున్నాం’ అని.

మీ కాగితంలో గానీ, గ్రూపులో గానీ రేపటి వాన గురించి ఒక్క ముక్క రాయకండి. హెచ్చరికలు ఇచ్చే బాధ్యత భారత వాతావరణ శాఖది, దాన్ని జనానికి చేర్చేది జిల్లా యంత్రాంగం. మీ దగ్గర ఎంత మంచి డేటా ఉన్నా, మీ మోడల్‌లో మబ్బు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నా, ల్యాబ్ పేరుతో సగం తెలిసిన మాట బయటికి పోతే జనం దాన్నే పట్టుకుంటారు, అధికారిక హెచ్చరికను వదిలేస్తారు. వాన తగ్గాక మాత్రం రాయండి, ఆ రోజుల్లో యంత్రాలు ఏం చూశాయి, ఏవి పనిచేశాయి, ఎవరు నీళ్ళలో నడిచి వచ్చి జనరేటర్ వేశారు అని. జనం అప్పుడు ఆసక్తిగా చదువుతారు, పాఠం కూడా బాగా ఎక్కుతుంది.

అనుమతుల గొడవ

ఇది విసుగు పుట్టించే భాగం, తప్పదు.

పేపర్ జర్నల్‌లో రాకముందు ఫలితం రాయొద్దు. రివ్యూలో ఉందంటే ఇంకా ఏమీ తేలనట్టే, రేపు దాన్ని పరిశీలించే రెఫరీ తప్పు పడితే మీ గోడ మీది వార్తను ఎవరు చింపుతారు? సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న తన ఫలితాన్ని చూసి మర్నాడే పత్రికలవాళ్ళకు చెప్పేశారు కదా అని మా దగ్గర ఒక జూనియర్ వాదించాడు. నిజమే, చెప్పారు. ఆయన రామన్, ముందుగా చెప్పకపోతే వేరే దేశంవాళ్ళు ఎగరేసుకుపోయే పరిస్థితి. మన నెలవారీ కాగితానికి అంత తొందర లేదు.

ప్రభుత్వ ల్యాబ్ అయితే ఫోటోల విషయంలో జాగ్రత్త. ఏ గదిలో కెమెరా తీయొచ్చు, ఏ గదిలో తీయకూడదు అన్నది సెక్యూరిటీ ఆఫీసును రాతపూర్వకంగా ఒకసారి అడిగి పెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ టెన్షన్ ఉండదు. పేటెంట్‌కు పోయే పని అయితే గైడ్‌ను అడగకుండా పేరు కూడా ఎత్తకండి, ముందే బయటపెడితే పేటెంటే దక్కకపోవచ్చు.

రాసింది సంబంధిత సార్‌కో మేడమ్‌కో చూపించాలి, తప్పులు దిద్దడానికి మాత్రమే. ఈ షరతు మొదట్లోనే చెప్పేయాలి. లేకపోతే మీ నాలుగు పేరాలు ఎనిమిది పేరాలై, ‘ప్రప్రథమంగా’, ‘విశిష్టమైన’ అనే మాటలతో నిండి తిరిగి వస్తాయి. ‘సైన్సు తప్పుంటే చెప్పండి సార్, భాష నాకు వదిలేయండి’ అంటే నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకుంటారు, ఒకట్రెండు సంచికలు పోతే వాళ్ళే అలవాటు పడతారు.

పేర్ల దగ్గర ఒక పట్టుదల పెట్టుకోండి. పేపర్ మీద పేరున్నవాళ్ళే కాదు, యంత్రం నడిపిన ఆపరేటర్, బోర్డు మరమ్మతు చేసిన టెక్నీషియన్, రాత్రి డ్యూటీలో డేటా తీసినవాళ్ళు, వాళ్ళ పేర్లూ రాయండి. జర్నల్‌లో వాళ్ళకు చివర కృతజ్ఞతల్లో ఒక లైను దక్కుతుంది, ఒక్కోసారి అదీ దక్కదు. మీ కాగితానికి ఆ నియమాలేమీ లేవు కదా.

మనుషుల కబుర్లు

చాలామంది వెనక పేజీ నుంచే చదవడం మొదలుపెడతారు, అందుకని ఆ పేజీని తేలిగ్గా తీసుకోకండి. కొత్తగా చేరినవాళ్ళు, వైవా గట్టెక్కినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, క్వార్టర్స్ పిల్లల పదో తరగతి ఫలితాలు, క్రికెట్ మ్యాచ్‌లో అకౌంట్స్ సెక్షన్ సైంటిస్టులను ఉతికి ఆరేసిన సంగతి, ఆయుధపూజ రోజున స్పెక్ట్రోమీటర్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టిన ఫోటో. ఈ ఫోటో వేస్తే ‘సైన్సు ల్యాబ్‌లో ఇదేంటి?’ అని ఒకరిద్దరు మెయిల్ పెడతారు. పెట్టనివ్వండి. నా వరకు నేను పసుపు నీళ్ళు లెన్స్ మీద పడకపోతే చాలనుకుంటాను.

రిటైరయ్యేవాళ్ళ గురించి రాసేటప్పుడు ‘విశేష సేవలందించారు’ అని రాయకండి, అది ఎవరికైనా రాయొచ్చు. వాళ్ళ దగ్గర అరగంట కూర్చుని, మీరు చేరినప్పుడు ఇక్కడ ఏముండేది, ఏ పని చేతులతో చేసేవాళ్ళు, ఇప్పుడు ఏది కంప్యూటర్ చేస్తోంది అని అడగండి. పాత ల్యాబ్‌లలో చార్ట్ రికార్డర్ మీద పెన్ను గీసిన గీతను స్కేలు పెట్టి కొలిచి రిజిస్టర్‌లో ఎక్కించినవాళ్ళు ఇంకా కొందరున్నారు. గాదంకి కూడా 1992లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై 2005లో ఇప్పటి పేరుకు మారింది. 2022లో జిల్లాలు విడిపోయాక చిత్తూరు జిల్లా చిరునామా తిరుపతి జిల్లా అయింది. ఇట్లాంటి మార్పులన్నీ చూసిన మనిషి ప్రతి సంస్థలోనూ ఒకరు ఉంటారు, వాళ్ళు గేటు దాటి పోయేలోపు పట్టుకోవాలి.

వేయకూడనివి: ప్రమోషన్ల పుకార్లు, సంబంధాలు కుదిరాయన్న మాటలు, ఎవరు ఎవరి మీద కంప్లయింట్ పెట్టారన్నది. కొండ పక్క క్యాంపస్‌లలో చిరుత కనిపించిందన్న మాట తరచూ పుడుతుంది, అటవీ శాఖవాళ్ళు వచ్చి చూసి చెప్పేదాకా దాన్ని కూడా పుకారు లెక్కలోనే వేయండి, రాత్రి ఒంటరిగా నడవొద్దన్న జాగ్రత్త మాత్రం వేయొచ్చు. పుట్టినరోజుల జాబితా జోలికి అసలు పోకండి, ఒక్క పేరు తప్పిపోతే ఏడాదంతా వినాలి.

క్యాంటీన్ గురించి ప్రతి సంచికలో ఏదో ఒకటి ఉండాలి. రాగిసంకటి ఏ రోజు పెడతారన్న వార్తకు మా దగ్గర ఏ పరిశోధన వార్తా పోటీ రాదు, ఆ పక్కనే లేజర్ గురించి వేస్తే సంకటి కోసం వచ్చిన కళ్ళు దాని మీదా పడతాయి. క్యాంటీన్ అక్క చేత కూడా ఒకసారి రాయించండి. రాయనంటే చెప్పమని మీరు రాసుకోండి.

అచ్చు

తిరుపతిలో డీటీపీ షాపులకు కరువు లేదు, కానీ చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని. మీరు యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైల్ ఇస్తే వాళ్ళు మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, ‘క్ష’లు, అరసున్నలు, ఇంగ్లిష్ అంకెలు అటూ ఇటూ అవుతాయి. ప్రూఫ్ తప్పకుండా చూసుకోండి, లేదా మీరే యూనికోడ్ ఫాంట్‌తో పేజీ కట్టి పీడీఎఫ్ చేసి ప్రింట్ మాత్రం బయట తీయించుకోండి. గోడకు అంటించేది ఏ3 సైజు ఉండాలి, అక్షరం 16 పాయింట్లకు తగ్గకూడదు, క్యాంటీన్ క్యూలో ప్లేటు పట్టుకుని నిలబడి చదవాలి మరి. వాట్సాప్‌కు మాత్రం అదే పీడీఎఫ్ పంపకండి, ఫోన్‌లో జూమ్ చేస్తూ ఎవరూ చదవరు, ఐటమ్‌కొక బొమ్మగా విడగొట్టి రోజుకొకటి వదలండి.

తప్పు దొర్లితే వచ్చే సంచికలో మొదటి పేజీలోనే సవరణ వేయాలి, మూలన చిన్న అక్షరాల్లో కాదు.

పాత సంచికలు ఒక ఫైల్‌లో పెట్టి లైబ్రరీలో ఇవ్వండి. ఒక కాపీ పంచాయతీ ఆఫీసుకు, ఒకటి దగ్గర్లోని హైస్కూల్ సైన్సు టీచర్‌కు పోవాలి. రామన్ ఫలితం వచ్చిన రోజని 1987 నుంచి ఫిబ్రవరి 28ని జాతీయ సైన్సు దినంగా జరుపుతున్నారు, ఆ సందర్భంగా మీ ల్యాబ్ పిల్లలకు తలుపులు తెరిచేటట్టయితే జనవరి సంచిక ముందే బడికి చేరేలా చూడండి, చదివి వచ్చిన పిల్లలు వేరే రకం ప్రశ్నలు వేస్తారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు రాసుకోవడానికి గేటు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, ఆ బాధ్యత సెక్యూరిటీ అన్నకే అప్పజెప్పండి. మార్చి సంచిక సగం దాంతోనే నిండుతుంది, మిగతా సగానికి సార్లను వెంటబడి జవాబులు రాబట్టుకోవాలి.